చెప్పులు విప్పే ఊళ్లో పాదాల సంగతి

తిరుపతిలో చెప్పులు వేసుకోవడం కన్నా విప్పడమే ఎక్కువ. గోవిందరాజస్వామి గుడి ముందు విప్పాలి, తిరుచానూరులో విప్పాలి, కొండమీద మాడవీధుల్లోకి చెప్పులతో అడుగు పెట్టకూడదు. కాణిపాకం పోయినా, శ్రీకాళహస్తి పోయినా అంతే. ఇంటి గడప దగ్గర, పిల్లల డాక్టరు గది బయట, తెలిసినవాళ్ల ఇంటి మెట్ల కింద కూడా అంతే. అందుకే ఇక్కడ చెప్పులు కొనేటప్పుడు ఎవరైనా చూసేవి రెండే: చటుక్కున విప్పేలా ఉండాలి, పోయినా ప్రాణం ఉసూరుమనకూడదు. ఈ లెక్కన చివరికి అందరూ చేరేది అరిగిపోయిన హవాయి చెప్పుల దగ్గరికే. ఏడాది మొత్తంలో బాగా ఎక్కువ నడిచే రోజున, అంటే కొండకు పోయే రోజున, ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతవి వెతికి మరీ వేసుకుంటాం.

దీనికి విరుగుడు ఒక గుడ్డ సంచి. మంచి చెప్పులు వేసుకుని పోయి, విప్పాక సంచిలో పెట్టి, సంచి మూతి ముడివేసి కౌంటర్లో ఇవ్వండి. కుప్పలో జత మారిపోవడం, ఒకటి దొరికి ఇంకొకటి దొరక్కపోవడం ఉండదు. చెప్పులు పోతాయన్న భయం తగ్గితే మడమకు ఆసరా ఇచ్చే జత కొనడానికి చెయ్యి వస్తుంది. ఆ జత ఎలా ఉండాలో తర్వాత చూద్దాం. చెప్పుల్లేకుండా గడిపే పాదానికి మొదటి రక్షణ దాని చర్మమే కాబట్టి ముందు ఆ సంగతి.

రాత్రి పది నిమిషాలు

పొద్దున స్నానంలో కాళ్లమీద నీళ్లు పడతాయి గానీ పాదాలు కడిగినట్టు కాదు. రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చని నీళ్లతో, మామూలు ఒంటి సబ్బుతో, వేళ్ల సందులతో సహా కడగండి. షుగర్ ఉన్నవాళ్లు నీళ్ల వేడి చూడ్డానికి కాలు పెట్టకూడదు, మోచేయి పెట్టి చూసుకోవాలి. స్పర్శ తగ్గిన కాలికి వేడి తెలియదు, తెలిసేసరికి బొబ్బ లేస్తుంది.

అసలు పని కడిగిన తర్వాత ఉంటుంది: తుడవడం. పాత నూలు పంచె ముక్క ఒకటి దీనికని పక్కన పెట్టుకుని నాలుగు సందులూ విడివిడిగా అద్దాలి. ఇక్కడ వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కదా, ఆ మూడు నెలల్లో నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య చర్మం తెల్లగా నానిపోయి, ఒరిసి, దురద పెట్టడం చాలామందికి ఉంటుంది. అది ఫంగస్. మొదట అక్కడే ఎందుకు వస్తుందంటే ఆ రెండు వేళ్లూ బాగా దగ్గరగా ఉంటాయి, గాలి ఆడదు. క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము రోజుకు రెండుసార్లు పల్చగా, మామూలుగా నాలుగు వారాలు రాయాలి. నాలుగు రోజుల్లో దురద తగ్గిందని ఆపేస్తే మళ్లీ వస్తుంది. మందుల షాపులో అడగ్గానే చేతిలో పెట్టే కొన్ని కలగలుపు క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండో రోజే హాయిగా అనిపిస్తుంది, లోపల ఫంగస్ మాత్రం నెమ్మదిగా పాకుతూ ఉంటుంది. ట్యూబు మీద క్లోబెటసాల్ అనో బెటామెథాసోన్ అనో ఉంటే డాక్టరు చెప్పకుండా వాడకండి. మాయిశ్చరైజర్ క్రీము కూడా వేళ్ల సందుల్లో రాయకూడదు. అక్కడికి కావాల్సింది పొడిదనం.

తుడిచాక వెలుగులో చూసుకోండి. అరికాలు కనిపించకపోతే నేలమీద చిన్న అద్దం పెట్టి, దాని మీదుగా పాదం ఎత్తి చూడొచ్చు. ఇక్కడ ఆడవాళ్లకు ఒక మాట. పాదాలకు పసుపు, పారాణి ఉన్నప్పుడు ఎర్రదనం, వాపు మొదలైనా కంటికి ఆనదు. శుక్రవారం పసుపు రాసుకునే అలవాటుంటే, రాసుకునే ముందే ఒకసారి పరీక్షగా చూసుకోవడం మేలు. మెట్టెల సంగతీ అంతే. సాయంత్రానికి వేళ్లు వాస్తాయి, పొద్దున వదులుగా ఉన్న మెట్టె అప్పటికి బిగుస్తుంది. దాని కింద సబ్బు, తడి నిలిచి చర్మం పాచిపోతుంది. రోజూ కడిగేటప్పుడు మెట్టెను ఒక చుట్టు తిప్పండి. తిరగకపోతే అది బిగుసుకున్నట్టే. చుట్టు మూసుకుపోయిన మెట్టె కన్నా, కొసలు విడిగా ఉండి సాగదీసే వీలున్నది మంచిది. గర్భిణులు ఏడో నెల లోపే వదులు చేయించుకుంటే, తర్వాత కంసాలి దగ్గర కోయించుకునే అవస్థ తప్పుతుంది.

గోళ్లు వారానికో పది రోజులకో, స్నానం చేశాక మెత్తగా ఉన్నప్పుడు, అడ్డంగా తిన్నగా కత్తిరించండి. వేలి కొసకు సమానంగా ఉంటే చాలు. మూలలు లోపలికి తవ్వి గుండ్రంగా తీస్తే, పెరిగేటప్పుడు ఆ మూల కండలోకి దిగుతుంది. బొటనవేలి గోరుచుట్టు చాలామటుకు ఇలాగే మొదలవుతుంది, బిగుతు బూట్లు దాన్ని పెంచుతాయి.

మడమ పగుళ్లు

అరికాలి చర్మంలో నూనె గ్రంథులు ఉండవు. చెమట ఆరిపోయాక దాన్ని మెత్తగా ఉంచేది వేరే ఏదీ లేదు. దానికి తోడు మనిషి నిలబడినప్పుడు మడమ కింది కొవ్వు పక్కలకు పరుచుకుంటుంది. వెనక కట్టు ఉన్న చెప్పు దాన్ని కొంత పట్టి ఉంచుతుంది. హవాయి చెప్పులో ఆ కొవ్వు అంచు దాటి పొంగుతుంది, పైనున్న ఎండిన మందపు చర్మం సాగలేక చీలుతుంది. అందుకే ఎంత క్రీము రాసినా చెప్పులు మార్చకపోతే పగుళ్లు తిరిగి వస్తూనే ఉంటాయి.

చేయాల్సింది ఇది. పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో కాళ్లు నానబెట్టండి, షుగర్ ఉంటే నానబెట్టకుండా కడిగితే చాలు. మడమలు రుద్దే రాయితో ఒకే దిక్కుగా, మెల్లగా, ఒక్కో మడమకు పది పదిహేనుసార్లు రుద్దండి. తెల్లటి పొడి రాలితే సరిపోయింది, గులాబీ రంగు చర్మం కనబడిందంటే ఎక్కువ చేసినట్టు. తడి అద్ది, చర్మం ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే యూరియా 10 నుంచి 20 శాతం ఉన్న క్రీము మడమకు ఒక వేలి కొసంత రాసి, నూలు సాక్సు వేసుకుని పడుకోండి. రెండు వారాలు రోజూ క్రీము రాయాలి, రాయి మాత్రం వారానికి రెండుసార్లకు మించకూడదు. యూరియా క్రీము దొరక్కపోతే పెట్రోలియం జెల్లీ అయినా పనిచేస్తుంది, కాకపోతే అది తేమను పట్టి ఉంచడమే తప్ప మందపు చర్మాన్ని కరిగించదు. కొబ్బరినూనెలో కొవ్వొత్తి మైనం కరిగించి రాసే ఇంటి వైద్యం పనిచేసేదీ ఇలాగే. దాంట్లో తప్పు లేదు, వేడిగా ఉన్నప్పుడే పగులులో పోయడమే తప్పు. రక్తం వచ్చే లోతు పగుళ్లు ఉంటే అది మూసుకునే దాకా రాయి ముట్టుకోవద్దు. బ్లేడుతో కోయడం అసలే వద్దు. ఒక కాలికే పొడిపొడిగా పొట్టు రాలుతూ రెండోది నున్నగా ఉంటే, అది పగుళ్ల కన్నా ఫంగస్ అయ్యే అవకాశం ఎక్కువ. చర్మ వైద్యులకు చూపించుకోవాలి.

కాలినడకన కొండ ఎక్కేవాళ్లకు

అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు, నడక తొమ్మిది కిలోమీటర్ల దాకా. శ్రీనివాసమంగాపురం వైపు శ్రీవారి మెట్టు దారి పొట్టిది. రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే 2,388 మెట్లు ఉంటాయి, అంటే దాదాపు అడుగడుక్కీ ఎక్కుడే. అలిపిరి దారిలో గాలిగోపురం దాకా ఊపిరాడదు, తర్వాత చాలాదూరం సాఫీగా సాగుతుంది, చివర్లో మోకాళ్ల మెట్టు దగ్గర అసలు పరీక్ష. అలిపిరి పాదాల మండపంలో స్వామివారి లోహపు పాదరక్షలు తలమీద పెట్టుకుని ప్రదక్షిణ చేసి, మన చెప్పులు అక్కడే విప్పేసి ఎక్కేవాళ్లే ఎక్కువ. కాబట్టి ఈ నడకకు బూట్ల కన్నా వట్టి పాదాన్నే సిద్ధం చేసుకోవాలి.

నెల రోజుల ముందు మొదలుపెట్టండి. మొదటి వారం మేడమీదో, శుభ్రమైన సిమెంటు దారిలోనో పొద్దున పది నిమిషాలు చెప్పుల్లేకుండా నడవండి. వారానికి పది నిమిషాలు పెంచుకుంటూ నాలుగో వారానికి నలభై నిమిషాలకు రండి. అరికాలి చర్మం గట్టిపడ్డానికి ఈ మాత్రం వ్యవధి కావాలి. ఇంతకన్నా ముఖ్యంగా పిక్కలు అలవాటు పడతాయి. చివరి వారంలో మడమలు రుద్దడం, పార్లర్లో పెడిక్యూర్ చేయించుకోవడం ఆపేయండి. కొండకు పోతున్నామని ముందురోజు అరికాళ్లు నున్నగా గీకించుకుని బయల్దేరేవాళ్లు ఉంటారు. మెట్లమీద ఆ మందపు చర్మమే జోడు అన్న సంగతి గాలిగోపురం చేరేలోపు బొబ్బలే చెబుతాయి. గోళ్లు మూడు రోజుల ముందే తీసుకోండి, ముందురోజు తీస్తే పచ్చిగా ఉండి రాయికి తగిలినప్పుడు నొప్పెడుతుంది.

మెట్లమీద కాలు పెట్టేముందు చూడాల్సినవి మూడున్నాయి. ఒకటి, పసుపు కుంకుమలు. మొక్కుకున్నవాళ్లు మెట్టు మెట్టుకూ అద్దుతూ పోతారు, దాని మీద నీళ్లు పడితే రాయి సబ్బు రాసినట్టు జారుతుంది. బొట్లు పెట్టేది ఎక్కువగా మెట్టు ముందంచు మీద, మనం మునివేళ్లు మోపేదీ అక్కడే. పాదం మొత్తం మెట్టు లోపలికి పెట్టండి. రెండోది కర్పూరం. మెట్టుమీద వెలిగించిన బిళ్ల ఆరిపోయినట్టు కనిపిస్తుంది, కింద రాయి ఇంకా కాలుతూ ఉంటుంది. స్పర్శ సరిగా లేని కాలికి ఇది చాలా ప్రమాదం. మూడోది ఎండ. దారికి చాలావరకు పైకప్పు ఉంది, లేని చోట ఏప్రిల్, మే నెలల్లో పది గంటలకే రాయి చురుక్కుమంటుంది. తెల్లవారుజామున ఎక్కడమే దీనికి మందు.

సాక్సులు వేసుకుని ఎక్కడం గురించి: పొడి గరుకు రాయి మీద పరవాలేదు, నున్నటి రాయి మీద, తడిమీద జారతాయి. చెమటతో తడిసిన నూలు సాక్సు బొబ్బలను పెంచుతుంది కూడా. వేసుకోవాల్సే వస్తే అడుగున రబ్బరు చుక్కలున్నవి వేసుకుని, రెండో జత సంచిలో ఉంచుకోండి. అరికాళ్లకు నూనె, వాజెలిన్ రాసుకుని ఎక్కకండి.

బొబ్బ రాబోయే ముందు ఆ చోట వేడిగా, మంటగా ఉంటుంది. అప్పుడే కూర్చోవాలి. పాదం తుడిచి, ఆరనిచ్చి, ఆ చోటికి చుట్టూ ఒక అంగుళం అదనంగా వచ్చేలా కాటన్ ప్లాస్టరు ముడతల్లేకుండా అంటించండి. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే లేవదు. ఈ రెండు నిమిషాలు బద్ధకిస్తే తర్వాత రెండు రోజులు కుంటాలి. బొబ్బ వచ్చేశాక చిన్నదైతే పగలగొట్టొద్దు. స్పాంజి ముక్కకు నడుమ బొబ్బంత రంధ్రం చేసి చుట్టూ అంటిస్తే బరువు దానిమీద పడదు. రూపాయి బిళ్ల కన్నా పెద్దదై, ఉబ్బి నడవనీయకపోతే, చేతులు కడుక్కుని, స్పిరిట్‌తో తుడిచిన కొత్త సూదితో అంచున రెండుచోట్ల గుచ్చి నీరు దించండి. పై పొర మాత్రం పీకకూడదు, కింది పచ్చి చర్మానికి అదే కట్టు. షుగర్ ఉన్నవాళ్లు ఈ పని ఇంట్లో చేసుకోకూడదు.

దిగేటప్పుడు చాలామంది బస్సెక్కుతారు, అది తెలివైన పనే. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గానీ, మోకాళ్లమీద, మునివేళ్లమీద దెబ్బ పడేది దిగేటప్పుడు. నడిచే దిగేట్టయితే అడుగులు చిన్నవిగా వేస్తూ, కాస్త ఏటవాలుగా తిరిగి దిగండి.

క్యూ కాంప్లెక్సులో గంటలకొద్దీ ఉండేటప్పుడు కాళ్లు వాయడం సహజం. పిక్క కండరం కదిలితేనే కింది రక్తం పైకి పోతుంది. పావుగంటకోసారి మునివేళ్ల మీద ఇరవైసార్లు లేచి దిగండి. కూర్చుని ఉంటే పాదాలు పైకీ కిందికీ ఆడించండి.

పొద్దున మొదటి అడుగు నొప్పి

మంచం దిగి నేలమీద కాలు పెట్టగానే మడమ కింద సూది గుచ్చినట్టు నొప్పి, పది అడుగులు వేశాక సర్దుకోవడం, మళ్లీ కాసేపు కూర్చుని లేస్తే మొదటికి రావడం: ఈ మూడూ ఉంటే అది చాలావరకు అరికాలి పట్టీ నొప్పి. మడమ ఎముక నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది, పాదం వంపును అదే పట్టి ఉంచుతుంది. రాత్రంతా ముడుచుకున్న ఆ పట్టీ మొదటి అడుగుకి ఒక్కసారిగా సాగడంతో నొప్పి. ఎక్స్‌రే తీసి మడమ ఎముక పెరిగిందంటే కంగారు పడకండి. ఆ ముల్లులాంటి పెరుగుదల నొప్పి లేనివాళ్లలోనూ కనిపిస్తుంది, దాన్ని కోసి తీయాల్సిన అవసరం చాలా అరుదు.

ఎర్రమట్టి నేలల, నాపరాళ్ల కాలం పోయి ఇళ్లన్నీ గ్రానైటూ టైల్సూ అయ్యాయి. వాటిమీద వట్టి కాళ్లతో గంటలు గంటలు నిలబడి వంట చేసేవాళ్లకు ఈ నొప్పి తొందరగా వదలదు. ఇంట్లోకని విడిగా, బయట తొక్కని మెత్తటి చెప్పుల జత ఒకటి పెట్టుకోండి. పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే, వంటింట్లో గట్టు ముందు నిలబడే చోట మందపాటి రబ్బరు చాప వేసినా సగం పని అవుతుంది. పూజ గదిలోకి పోయినప్పుడు ఎలాగూ విప్పుతారు.

మంచం దిగకముందే తువ్వాలును మునిపాదానికి తగిలించి, మోకాలు చాపి, రెండు కొసలూ మీ వైపు లాగి పదిదాకా లెక్కపెట్టండి. ఇలా పదిసార్లు. పగటిపూట గోడకు చేతులానించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా ముందుకు వంగి 30 సెకన్లు, మూడుసార్లు, రోజుకు రెండు పూటలు. సాయంత్రం నీళ్లు గడ్డకట్టించిన ప్లాస్టిక్ సీసాను గుడ్డ చుట్టి అరికాలి కింద పది నిమిషాలు దొర్లించండి. ఒక వారంలో తేడా కోసం చూడకండి. నెలలు పడుతుంది, మానకుండా చేసేవాళ్లకే తగ్గుతుంది.

కొనేటప్పుడు

చెప్పుల అంగడికి సాయంత్రం పోవాలి. పొద్దుటికీ సాయంత్రానికీ పాదం ఉబ్బుతుంది, పొద్దున సరిపోయినది సాయంత్రం కరుస్తుంది. ఇంటి దగ్గర తెల్లకాగితం మీద నిలబడి, పెన్సిలు నిటారుగా పట్టి రెండు పాదాల చుట్టూ గీయించుకోండి. ఎవరికైనా రెండూ ఒక్కలా ఉండవు, పెద్దదాని లెక్కే తీసుకోవాలి. ఆ బొమ్మ కత్తిరించి అంగడికి తీసుకుపోయి, బూటులోని అట్ట బయటికి లాగి దానిమీద పెట్టి చూడండి. కాగితం అంచు దాటితే ఆ బూటు వద్దు, నంబరు ఏదైనా సరే. మన దగ్గర నంబరుకీ నంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు, దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. కాబట్టి ఒక నంబరు పెంచితే పొడవు బాగానే పెరుగుతుంది గానీ వెడల్పు అంతగా పెరగదు. మనవాళ్లకు మునిపాదం వెడల్పు ఎక్కువ. వెడల్పు చాలక పొడవైన నంబరు కొంటే మడమ వదులై, లోపల కాలు జారి, మళ్లీ బొబ్బలు. ఇలాంటప్పుడు నంబరు కాదు, మోడల్ మార్చాలి.

అత్యంత పొడవైన వేలికీ బూటు కొసకీ మధ్య ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. అందరికీ బొటనవేలే పొడవనుకోకండి, కొందరికి రెండోది. నిలబడి చూడాలి, కూర్చుని కాదు.

ఇక చేత్తో చేసే మూడు పరీక్షలు. బూటును కొసా మడమా పట్టుకుని వంచండి. వేళ్లు మొదలయ్యే చోట వంగితే మంచిది. నడుమ మడత పడితే పాదం వంపుకు దాంట్లో ఆసరా లేదని అర్థం. తర్వాత తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పండి, కొంచెం మొండిగా ఎదురుతిరగాలి. మూడోది, మడమ వెనక గోడను బొటనవేలితో నొక్కండి. మెత్తగా లోపలికి పడిపోతే అది మడమను నిలబెట్టదు. ఈ మూడింట్లో నెగ్గినదే బూటు, పైన ఏ పేరున్నా సరే. మెత్తగా ఉండడం ఆసరా ఇవ్వడం ఒకటే అనుకునేవాళ్లే ఎక్కువ. అంగట్లో కాలు పెట్టగానే దిండులా దిగబడే చెప్పు మూడు నెలల్లో చపాతీ అవుతుంది.

చెప్పుల సంగతికొస్తే, బొటనవేలి ఉంగటం ఒక్కటే ఉన్న వదులు చెప్పును కింద పడకుండా వేళ్లు ప్రతి అడుగుకీ ముడుచుకుని పట్టుకోవాలి. రోజంతా ఆ పని చేసిన వేళ్లు వంకర తిరుగుతాయి, వాటి మీద ఆనెకాయలు వస్తాయి. పాదం మీద వెడల్పాటి పట్టీ, మడమ వెనక బెల్టు, రెండింటికీ వెల్క్రో ఉన్న శాండిల్ తీసుకోండి. విప్పడానికి రెండు క్షణాలు పడుతుంది, హవాయి కన్నా ఒక్క క్షణం ఎక్కువ, అంతే. మడమ ఎత్తు రెండున్నర, మూడు సెంటీమీటర్లు దాటకూడదు. పెళ్లికి ఒక పూట ఎత్తు మడమలు వేసుకుంటే కొంపలేమీ మునగవు. అవే వేసుకుని రోజూ ఎనిమిది గంటలు బట్టల షాపులో నిలబడితేనే చిక్కు.

పిల్లల బడి బూట్లు జూన్‌లో కొని మార్చి దాకా చూడని ఇళ్లు చాలా ఉన్నాయి. మూడు నెలలకోసారి లోపలి అట్ట తీసి వేళ్ల గుర్తులు ఎక్కడిదాకా వచ్చాయో చూడండి. అంచుకు తగిలాయంటే బూటు పొట్టిదైనట్టే. ఇరుకైందని పిల్లలు చెప్పరు, వెనక తొక్కి వేసుకుంటారు.

షుగర్ ఉన్నవాళ్లకు

అన్నిటికన్నా ముందు స్పర్శ ఉందో లేదో తెలుసుకోండి. ఇంట్లోవాళ్లు ఒకరు చాలు. మీరు కళ్లు మూసుకుని పడుకోండి. వాళ్లు చూపుడువేలి కొసతో మీ రెండు కాళ్ల బొటనవేళ్లు, నడిమి వేళ్లు, చిటికెన వేళ్ల కొసల్ని వరస తప్పించి ఒక్కొక్కటీ ఒకటి రెండు సెకన్లు తాకాలి. నొక్కకూడదు, గోకకూడదు, ఈక వాలినట్టు ఆనించాలి. తాకినప్పుడల్లా కుడో ఎడమో చెప్పండి. ఆరింట్లో రెండుగానీ అంతకన్నా ఎక్కువగానీ తెలియకపోతే స్పర్శ దెబ్బతిన్నట్టే లెక్క, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి. తిమ్మిర్లు, మంటలు ఉంటేనే జబ్బు అనుకోకండి. ఏమీ తెలియని కాలే ఎక్కువ ప్రమాదం.

స్పర్శ తగ్గినవాళ్లకు ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు ఉంటాయి. పైన సన్నటి గాలి గదులున్న మెత్తటి రబ్బరు ఒక సెంటీమీటరు మందాన, కింద ముల్లు దిగని గట్టి రబ్బరు. బొటనవేలితో నొక్కితే దిగి, వదలగానే పైకి రావాలి. గుంట అలాగే ఉంటే సరుకు మంచిది కాదు. ఉంగటం ఉండకూడదు, వెనక బెల్టు తప్పనిసరి, ఎందుకంటే కాలి నుంచి చెప్పు జారిపోయినా వాళ్లకు తెలియదు. ఎక్కడా మేకు ఉండకూడదు, అంతా జిగురుతోనో కుట్టుతోనో చేసి ఉండాలి. కొత్త జతను మొదటిరోజు అరగంటే వేసుకుని, విప్పి పాదం చూసుకోండి. విప్పిన పది నిమిషాలకు కూడా ఎర్ర మచ్చ పోలేదంటే అక్కడ ఒత్తుతోంది. వేసుకునే ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి తడమండి. గులకరాయి, పిన్ను, పల్లెల్లో అయితే తేలు కూడా. ఆనెకాయ పట్టీల్లో ఆమ్లం ఉంటుంది, అవి షుగర్ ఉన్న కాలికి పనికిరావు. గుడికి పోవడం మానమని ఎవరూ చెప్పరు గానీ, రాయి చల్లగా ఉండే పొద్దుటిపూట పోవచ్చు, తిరిగి రాగానే అరికాలు చూసుకోవచ్చు.

వేలు నల్లబడినా, పుండు వాసన వచ్చినా, ఎర్రదనం పైకి పాకుతున్నా, కాలి గాయంతో జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. దెబ్బేమీ తగలకుండా, పెద్దగా నొప్పి లేకుండా ఒక పాదం వాచి వేడిగా ఉందంటే అదీ అత్యవసరమే. లోపల ఎముకలు విరుగుతూ ఉండవచ్చు. చూపించుకునే దాకా ఆ కాలు మోపకండి.

మామిడి తోటల్లో, చెరకు చేలల్లో పనిచేసేవాళ్లకు ఒక్క మాట: తుమ్మముల్లు హవాయి చెప్పులోంచి సూటిగా దిగుతుంది, కోసిన చెరకు మోడు కూడా అంతే. అడుగు గట్టిగా ఉన్న మూసిన బూట్లే అక్కడ పనికొస్తాయి. ముల్లు దిగి మట్టి అంటితే, ధనుర్వాతం సూది వేయించుకుని అయిదేళ్లు దాటి ఉంటే మళ్లీ వేయించుకోవాలి.

ఉన్న జతను నిలబెట్టుకోవడం

బూట్లను బల్లమీద పెట్టి వెనక నుంచి చూడండి. మడమ బయటి వైపు కాస్త అరగడం సహజం. లోపలి వైపు అరిగి బూటు లోపలికి వాలితే పాదం వంపు కూలుతోందన్నమాట, లోపల ఆసరా అట్ట కావాలి. నడకకు వాడే బూట్ల నడుమ పొర 500 నుంచి 800 కిలోమీటర్లకు చచ్చుబడుతుంది. రోజుకు నాలుగు కిలోమీటర్లు నడిచేవాళ్లకు అది ఆరు నెలల మాట, పైకి ఎంత కొత్తగా కనిపించినా సరే. వానకు తడిస్తే అట్ట తీసి, లోపల పాత పేపరు కుక్కి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే జిగురు విడుతుంది, తోలు బిర్రబిగుస్తుంది. రెండు జతలుండి రోజు మార్చి రోజు వేసుకుంటే రెండూ ఎక్కువకాలం వస్తాయి, చెమట ఆరడానికి ఒక రోజు పడుతుంది మరి.

చెప్పులు కుట్టే ఆయన దగ్గర చేయించుకోదగ్గ పనులు చాలా ఉన్నాయి: వదులు చెప్పుకు వెనక బెల్టు, అరిగిన మడమకు కొత్త రబ్బరు, వాచే కాలికి పట్టీ పొడిగింపు. పట్టీ కుట్టేటప్పుడు ముడి లోపలివైపు రాకుండా చూడమనండి, పాదానికి రాసుకునేది అదే. అడుగు అతికించినప్పుడు తొందరపడి అక్కడికక్కడే వేసుకుని పోకండి. జిగురు పూర్తిగా పట్టాలంటే ఒక రాత్రి కావాలి, పైన బరువు పెట్టి ఉంచితే ఇంకా మంచిది.